రాతలతో పాడైనది

లైబ్రరీలో ఒక పుస్తకం చచ్చిపోయిందని ఎట్లా తెలుసుకోవాలో, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు నేను చాలా ఏళ్లు చెప్పాను. చివరి అట్ట లోపల అంటించిన తేదీల చీటీ చూడండి, అనేదాన్ని. పుస్తకాన్ని ఎవరైనా ఇంటికి తీసుకుపోయిన ప్రతిసారీ ఆ చీటీ మీద ఒక తేదీ ముద్ర పడుతుంది. ఏళ్ల తరబడి ఒక్క ముద్ర కూడా లేదంటే ఆ పుస్తకం పని అయిపోయినట్టే, దాని చోటు ఇంకో దానికి ఇవ్వండి. ఈ మాట చెప్పేటప్పుడు నా వాలకం నాడి పట్టి రోగం చెప్పే వైద్యురాలి లాగా ఉండేది.

ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను. మీలో ఎవరైనా ఈ కొలువులోకి వస్తే నా మాట నమ్మకండి. ఎందుకు నమ్మకూడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇందులో నేను మంచిదానిలా కనిపించను, ముందే చెప్తున్నాను.

మెదక్‌లో నేను చివరగా పనిచేసింది రెండు గదుల చిన్న లైబ్రరీ. ముందు గదిలో ఒక పొడవాటి బల్ల, న్యూస్ పేపర్లు, పొద్దున్నే వచ్చి ఒకే పేపరును పేజీలుగా పంచుకుని చదివే పెద్దమనుషులు. వెనకది పెద్ద హాలు, దాని తలుపులోంచి చూస్తే ముందు గదిలో నా కుర్చీ కనపడేది. ఒకప్పుడు ఆ హాలులో పుస్తకాలూ ఈగలూ నేనూ ఉండేవాళ్లం. ఉద్యోగాల నోటిఫికేషన్లు పడ్డాక కథ మారిపోయింది. టౌన్‌లో కిరాయి గదుల్లో ఉండేవాళ్లు, కుల్చారం వైపు ఊళ్ల నుంచి రోజూ బస్సులో వచ్చిపోయేవాళ్లు, గ్రూప్స్ అనీ కానిస్టేబుల్ అనీ టీచర్ పోస్టులనీ వచ్చి హాలు నింపేశారు. పిల్లలు అంటున్నాను గానీ అందరూ ఇరవై దాటినవాళ్లే, కొందరికి పెళ్లిళ్లు కూడా అయ్యాయి. నేను తాళం తీయకముందే గేటు దగ్గర వాళ్ల బ్యాగులు వరుసలో ఉండేవి. మనుషులు చాయ్‌కి పోయేవారు, వాళ్ల బదులు బ్యాగులు నిలబడేవి. ఒకాయనైతే ఇంటి నుంచి సొంత కుర్చీ తెచ్చుకుని, దాన్ని కిటికీ ఊచకు గొలుసుతో కట్టి తాళం వేసుకున్నాడు.

నాతో పాటు ఉన్నది ఒక్క అటెండరు. నాకన్నా వయసులో పెద్ద, నాకన్నా చాలా ముందు నుంచి అక్కడున్న మనిషి. అన్నా అని పిలిచేదాన్ని. అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు గానీ, ఏ పుస్తకం ఏ అరలో ఉంటుందో అట్ట రంగును బట్టి కళ్లు మూసుకుని చెప్పేవాడు. సాయంత్రం హాలు ఖాళీ అయ్యాక బల్లల మీదా కుర్చీల కిందా మిగిలిన పుస్తకాలు ఏరి సర్దడం ఆయన పని. రోజూ ఏ పుస్తకాలు ఏరుతున్నావన్నా అని నేను ఆయన్ని ఒక్కనాడూ అడగలేదు.

హాలు వెనక మూలన, ఫ్యాను గాలి సోకని చోట ఒక బీరువా ఉండేది. దాని మీద 'మన ప్రాంత రచయితలు' అని నేనే రంగుతో రాశాను. మన వైపు వాళ్లు సొంత డబ్బుతో అచ్చేయించుకుని మాకు ఇచ్చిపోయిన పుస్తకాలు అందులో ఉండేవి. రాసినవాళ్లలో బడిపంతుళ్లున్నారు, ఒక బస్సు కండక్టరున్నాడు, బట్టల దుకాణంలో లెక్కలు రాసే ఒకాయన ఉన్నాడు. ఆ బీరువాకు తాళం లేదు. తాళం వేయాల్సినంత గిరాకీ ఉంటుందని నేను అనుకోలేదు మరి.

అందులో నీలం అట్ట పుస్తకం ఒకటి. సన్నటిది. కుల్చారం మండలంలోని ఒక ఊళ్లో పనిచేసి రిటైరైన పంతులుగారు రాసిన పద్నాలుగు కథలు, అన్నీ మంజీర ఒడ్డు ఊళ్లవే. నేను చేరిన కొత్తలో ఆయనే బస్సులో వచ్చి మూడు కాపీలు ఇచ్చాడు. ఇచ్చి వెళ్లిపోలేదు. రిజిస్టర్‌లో వాటికి నంబర్లు పడేదాకా నా ఎదురుగా కూర్చుని, ఆ నంబర్లను పెన్నుతో అరచేతి మీద రాసుకుని లేచాడు. నంబరుతో మీకేం పని సార్ అంటే, ఉండనియ్యమ్మా అని నవ్వాడు.

ఇక నేను చేసిన ఘనకార్యానికి వస్తాను. పోటీ పరీక్షల జోరులో ఒకరోజు హాలులో కుర్చీ కోసం పెద్ద రభస జరిగింది. పరీక్షకు చదవడానికి వచ్చినవాళ్లు నిలబడి ఉంటే, ఒకతను కుర్చీలో దర్జాగా కూర్చుని కథల పుస్తకం చదువుతున్నాడని గొడవ. మాటా మాటా పెరిగింది. నాకు అసలే ముక్కు మీద కోపం. ఒక కాగితం తీసుకుని, ఈ హాలులో కుర్చీలు పరీక్షలకు చదివేవారికి మాత్రమే, కథలు నవలలు చదివేవారు ముందు గదిలో కూర్చోవలెను, అని పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించేశాను. ముందు గదిలో పెద్దమనుషులు కదిలితే కదా ఎవరైనా కూర్చునేది. ఆ సంగతి నాకు తట్టలేదు. కాగితం అంటించాను, గొడవ సద్దుమణిగింది, రెండు నెలల్లో ఆ కాగితాన్ని నేనే మర్చిపోయాను.

ఆ తర్వాత గంటకోసారి హాలులో ఒక చుట్టు తిరగడం అలవాటు చేసుకున్నాను. నేను గడపలో అడుగు పెట్టగానే గది మొత్తం మీద పేజీలు తిరిగే చప్పుడు ఒక్కసారిగా వినిపించేది. తలలు ఇంకొంచెం కిందికి వంగేవి. అబ్బ, ఎంత శ్రద్ధ, అని మురిసిపోయేదాన్ని.

ఇట్లా రోజులు గడుస్తుండగా పైనుంచి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, యువత చేత స్థానిక సాహిత్యం చదివించే కార్యక్రమం పెట్టాలని. రెండోది, పాత స్టాక్ సరిచూసి పనికిరానివి తొలగించాలని. వేరే ఎవరైనా అయితే రెండూ వేరువేరుగా చేసేవారేమో. నాకు ఒక్క దెబ్బకు రెండు పిట్టలు కొట్టాలని ఆశ.

మొదట హాలులోకి పోయి నిలబడ్డాను. పుస్తకాల్లోంచి తలలెత్తమన్నాను. మన మెదక్ వైపు వాళ్లు రాసిన పుస్తకం ఒక్కటైనా చదివినవాళ్లు చెయ్యెత్తండి అన్నాను. హాలు నిండా మనుషులు. ఒక్క చెయ్యి లేవలేదు. మళ్లీ అడిగాను. అప్పుడూ అంతే.

నిజంగా నిర్ఘాంతపోయాను. చదవరని తెలుసు గానీ, ఇంతమందిలో ఒక్కరు కూడానా? వెనక వరుసలో, ఆ మూల బీరువాకు వీపు ఆనించి కూర్చునే ఒక అమ్మాయి నా వైపు చూసి ఏదో అనబోయినట్టు కనిపించింది. మళ్లీ తల దించుకుంది. కుల్చారం దగ్గరి ఊరి నుంచి వచ్చే పిల్ల. టీచర్ పరీక్షకు చదువుతుండేది. వాళ్లమ్మ బీడీలు చుడుతుందని ఒకసారి మాటల్లో చెప్పింది. ఆ ఒక్క క్షణం నేను నోరు మూసుకుని ఆగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఆగలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు ఉంది మీ తీరు అని మొదలుపెట్టి అరగంట సేపు కడిగేశాను. ఎక్కడెక్కడి రాజుల కాలాలో నోటికి బట్టీ పడతారు, మీ పక్కూరి మనిషి రాసింది మాత్రం ముట్టరు అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. నా మాటలు బాగా తగిలాయని అనుకున్నాను.

తర్వాత బీరువా పని పట్టాను. కార్యక్రమం నాడు పెద్దవాళ్లు వచ్చి చూస్తారు, ఈ నలిగిపోయిన పుస్తకాలా చూపించేది అని నా బాధ. పాతవి తీసేస్తే, ఆ రచయితలనే అడిగి కొత్త కాపీలు తెప్పించి నీటుగా పేర్చవచ్చని లెక్క వేసుకున్నాను. అటెండరు ఒక్కొక్క పుస్తకం తీసి ఇస్తుంటే నేను చీటీ చూసి లిస్టులో ఎక్కిస్తున్నాను. చీటీలన్నీ ఖాళీ. నీలం అట్ట పుస్తకం మూడు కాపీలకూ ఒక్క ముద్ర లేదు. నేను అనుకున్నదే నిజమైందని ఒకరకమైన తృప్తి కూడా కలిగింది.

పని నడుస్తుండగా అటెండరు అన్నాడు, "గీ బీరువల పుస్తకాలకు దుమ్మే పట్టదు మేడం."

తన పనితనం చెప్పుకుంటున్నాడనుకుని, నువ్వు మంచిగా తుడుస్తవు కదన్నా అన్నాను.

"నేను తుడువలే మేడం" అన్నాడాయన. నా మొహంలోకి ఒక క్షణం చూసి, గోనె సంచులు తేవడానికి పోయాడు. పని ఎగ్గొడుతున్నానని తన నోటితో తానే ఒప్పుకుంటున్నాడే అని నవ్వుకున్నాను.

నీలం పుస్తకం తెరిస్తే నాకు ఒళ్లు మండింది. అంచుల నిండా పెన్సిల్ రాతలు. ఒక పేజీ కాదు, చాలా పేజీల్లో, రకరకాల చేతిరాతలు. ముప్పై ఏళ్లుగా పుస్తకం మీద రాయకండి అని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. చదవడం చేతగాదు గానీ ఖరాబు చేయడం వచ్చు అని తిట్టుకున్నాను. అందులో ఏం రాశారో ఒక్క లైను చదవలేదు. లిస్టులో 'పుస్తక స్థితి' అనే గడిలో, రాతలతో పాడైనది, అని రాశాను. మూడు కాపీలకూ అదే రాశాను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని అందరూ మెచ్చుకునేవారు.

సంతకాలు పెట్టాల్సినవాళ్లు పెట్టారు. తొలగించబడినది అన్న ముద్ర ప్రతి పుస్తకం మీదా నేనే కొట్టాను. సంచులు నిండాయి, ఆటో వచ్చింది, పోయింది. బీరువా బోసిగా, శుభ్రంగా మిగిలింది.

పదిహేను రోజులకు కార్యక్రమం. రచయితగా ఎవరిని పిలవాలా అని ఆలోచిస్తే పంతులుగారే గుర్తొచ్చారు. మనిషి బాగా ముసలాయన అయిపోయాడు, చెవులు కొంచెం మందగించాయి, అయినా పిలవగానే ఒప్పుకున్నాడు. కాపీలు ఉంటే పట్టుకు రండి అని ఫోన్‌లో అన్నాను. ఆయన ఏదో చెప్పబోతే బస్సు చప్పుడులో సరిగా వినపడలేదు. ఆ రోజు ఇస్త్రీ అంగీ, భుజాన సంచితో బస్టాండ్ నుంచి నడిచే వచ్చాడు. రావాల్సిన పెద్దవాళ్లకు ఏదో మీటింగు పడి రాలేదు. హాలులో పిల్లల్ని బలవంతాన కూర్చోబెట్టాను. మర్నాడు మాక్ టెస్టు ఉందని సణుగుతూనే కూర్చున్నారు.

పంతులుగారు ఎక్కువ మాట్లాడలేదు. తన కథలు ఎవరికీ తెలియవని, తెలియకపోవడం చదివేవాళ్ల తప్పు కాదని, తన పుస్తకం దుకాణాల్లో దొరికేది కాదని చెప్పాడు. ఏమన్నా అడగాలనుంటే అడగమన్నాడు. ఎవరు అడుగుతారు, నా పరువు పోయే వేళ అయిందని నేను మైకు అందుకోబోతున్నాను. వెనక వరుసలోంచి ఆ కుల్చారం వైపు పిల్ల లేచి నిలబడింది.

"సార్, బీడీల కథల ఆమె ఉంటది గదా. గుమాస్తా ఆమె కట్టలు మంచిగ లేవని పక్కకు పారేస్తడు. ఆమె ఒక్క మాట గూడ ఎందుకు అనలే సార్?"

నా చెయ్యి మైకు మీదే ఆగిపోయింది. పంతులుగారికి సరిగా వినపడలేదేమోనని పక్కనున్నవాళ్లు చెప్పబోయారు. ఆయనకు వినపడింది. కళ్లజోడు తీసి ఆ పిల్లను చూశాడు.

"ఏమన్న అంటే ఇంకో కట్ట పారేస్తడు బిడ్డా" అన్నాడు. "అనకుంటె ఒక్కదానితోనే పోతది."

ఆ పిల్ల కూర్చోకముందే ఇంకొకతను లేచాడు. ఏడుపాయల దగ్గర మంజీర పొంగి గుడి మునిగినప్పుడు, అవతలి ఒడ్డున ఇరుక్కుపోయిన కొబ్బరికాయల దుకాణం మనిషి కథ గురించి అడిగాడు. అది నిజంగా జరిగిందా, మా తాత కూడా అట్లనే చెప్తడు, అన్నాడు. తర్వాత ఇంకొకరు. సొంత కుర్చీకి తాళం వేసుకున్న మహానుభావుడు కూడా లేచి, తొమ్మిదో కథ ముగింపు తనకు నచ్చలేదని, వేరే తీరుగా ఉంటే బాగుండేదని పంతులుగారితో వాదానికే దిగాడు. నేను పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాను. నేను కడిగేసిన హాలు ఇదే. ఒక్క చెయ్యి లేవని హాలు ఇదే. ఈ మనుషులు ఎప్పుడు చదివారు, ఎక్కడ చదివారు? నెత్తిన పిడుగు పడ్డట్టు అంటారే, ఆ మాటకు అర్థం నాకు ఆ రోజే తెలిసింది.

అసలు పిడుగు ఇంకా ముందుంది. పంతులుగారు నా వైపు తిరిగి, పిల్లలు చదివిన ఆ పుస్తకం ఒకసారి తెప్పించమన్నాడు. చేత్తో పట్టుకుని చూడాలని ఉందన్నాడు. ఆ పిల్ల మళ్లీ లేచి, అందులో మేమందరం పెన్సిల్‌తో రాసినం సార్, ఏమనుకోకుండ్రి, అంది. ఏం రాసిన్రు బిడ్డా అని ఆయన అడిగాడు. అడిగినప్పుడు ఆ ముసలి మొహం ఎట్లా వెలిగిందో నేను ఇప్పుడు కూడా మర్చిపోలేకున్నాను. ఒక్క అభిప్రాయమూ వినకుండా ఇన్నేళ్లు బతికిన రచయిత ఆయన. మూడు పుస్తకాల నిండా అభిప్రాయాలున్నాయని ఆయనకు అప్పుడే తెలిసింది.

అటెండరు గడప దగ్గర నిలబడి నేల చూస్తున్నాడు. అందరూ నన్ను చూస్తున్నారు. నేను అబద్ధమాడాను. బైండింగుకు పంపామండీ అన్నాను. ముప్పై ఏళ్ల సర్వీసులో నా నోటి నుంచి అంత తేలిగ్గా అబద్ధం ఎప్పుడూ రాలేదు.

"బైండింగుకు కాదు మేడం" అంది ఆ పిల్ల. గొంతులో కోపం లేదు, అదే నన్ను ఎక్కువ పొడిచింది. "తూకానికి పోయినయ్. సంచులు ఆటోల వేసినప్పుడు నేను గేటు కాడనే ఉన్న. ఒక్కటన్న ఇయ్యమని అన్నను అడిగిన. ముద్దర పడ్డంక ఇయ్యరాదు అన్నడు."

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తప్పు నాది అయినా కోపం వాళ్ల మీదికే పోయింది, మనిషి బుద్ధి అంత వంకర. ఇంతమంది చదివి ఉండి ఆ రోజు ఒక్కరైనా ఎందుకు చెయ్యెత్తలేదని గట్టిగానే అడిగాను. ఆ పిల్ల గోడ వైపు చూపించింది. నా గుండ్రటి చేతిరాతలో, అంచులు పసుపు పడిన నా కాగితం. కథలు నవలలు చదివేవారు ముందు గదిలో కూర్చోవలెను. చెయ్యెత్తినవాళ్లకు కుర్చీ పోతుంది. కుర్చీ పోతే చదువు పోతుంది. కొలువు వస్తుందని ఇంట్లోవాళ్లు కళ్లలో ఒత్తులు వేసుకుని ఎదురుచూస్తుంటే చెయ్యెలా ఎత్తుతారు?

తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. మొదట ఆ పిల్లే, తెలంగాణ సంస్కృతి మీద పరీక్షలో అడిగే బిట్లు ఏమైనా దొరుకుతాయేమోనని ఆ నీలం పుస్తకం తీసిందట. బిట్లు దొరకలేదు, వాళ్లమ్మ దొరికింది. పక్కనున్న పిల్లకు ఇచ్చింది. అట్లా చేతులు మారుతూ పోయింది. పెద్ద గైడు తెరిచి అందులో ఈ సన్న పుస్తకం పెట్టుకుని చదివేవారట. నేను అడుగు పెట్టగానే వినిపించే ఆ పేజీల చప్పుడు, కథను దాచి గైడును పైకి తెచ్చే చప్పుడు. ఇంటికి తీసుకుపోదామంటే మెంబర్‌షిప్‌కు ఊళ్లో పేరున్న మనిషి పూచీ సంతకం కావాలి. కిరాయి గదుల్లో ఉండేవాళ్లకు ఎవరు పెడతారు? అందుకే తేదీల చీటీ ఖాళీ. నేను నాడి చూసింది చేతికి కాదు, చొక్కా మడతకు.

పంతులుగారు నన్ను ఒక్క మాట అనలేదు. సంచి సర్దుకుంటూ చెప్పాడు.

"నా దగ్గర గూడ లేదమ్మా. ఇంట్ల ఉన్న ఒక్కటి మొన్నటి వానలకు తడిసి ముద్దయింది. ఫోన్ల గదే చెప్పబోయిన. గీడ మూడున్నయ్ గదా అని ధైర్యంగ ఉన్న."

రిజిస్టర్‌లోని ఆ మూడు నంబర్లు ఆయనకు ఇంకా నోటికే ఉన్నాయి. వరసగా చెప్పాడు. నేను ఏడ్చేశాను. అందరి ముందూ, బ్యానరు కింద స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, అది న్యాయమే.

ఆ సాయంత్రమే అటెండరూ నేనూ ఆటోలో పాత కాగితాల దుకాణానికి పోయాం. లారీ ఎత్తి వారమైంది మేడం, మిల్లుకు పోయింది, అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. తిరిగి వచ్చేటప్పుడు, ఎందుకు చెప్పలేదన్నా అని అటెండరును అడిగాను. జర చెప్పి చూసిన గద మేడం, అన్నాడు. దుమ్ము మాట గుర్తొచ్చింది. నిజమే, చెప్పాడు. రోజూ సాయంత్రం ఆ పుస్తకాలను ఏ కుర్చీల కింద ఏరేవాడో కూడా చెప్పాడు, దారి పొడుగునా.

మర్నాడు ఎప్పటిలాగే తాళం తీయడానికి పోయాను. గేటు దగ్గర బ్యాగులు లేవు, మనుషులే ఉన్నారు. మాక్ టెస్టుకు పోవాల్సినవాళ్లు. ఆ పిల్ల పగిలిన అద్దం ఫోను నా ముందు పెట్టింది. తెరిచిన పుస్తకం ఫోటో, పేజీ అంచున ఆమె బొటనవేలు. పక్కకు జరిపితే ఇంకో పేజీ. ఇంటికి ఇవ్వరు కదా, అందుకే బస్సులో చదువుకోవడానికి ఫోటోలు తీసుకున్నారట. ఒకరి ఫోనులో మూడు కథలు, ఇంకొకరి దాంట్లో ఐదు. ఎవరి కాపీ వాళ్లు తీశారు కాబట్టి కొన్ని పేజీలు మూడేసి సార్లు ఉన్నాయి, కొన్ని అసలు లేవు. చదివించాలి, చదివించాలని మేం బ్యానర్లు కట్టుకుంటుంటే, వాళ్లు మాకు తెలియకుండా పుస్తకాన్ని జేబుల్లో పెట్టుకుని తిరిగారు.

పది రోజులు ఆ పని మీదే ఉన్నాం. గోడ మీది కాగితం నేనే చింపాను. పేజీల వరస కూర్చింది కుర్చీ తాళం మనిషి, అటువంటి పనికి అతని చాదస్తం బాగా అక్కరకొచ్చింది. రెండు పేజీలు మాత్రం ఎవరి ఫోనులోనూ దొరకలేదు. పంతులుగారు వచ్చి వాటిని మళ్లీ రాశాడు. మునుపటిదే మంచిగ ఉండె అని గొణుక్కుంటూ రాశాడు. టైపు చేయిద్దామా అని అడిగితే వద్దన్నాడు. ఫోటోలు ఎట్లా ఉన్నాయో అట్లాగే, పెన్సిల్ రాతలతో సహా అచ్చుకు ఇవ్వమన్నాడు. అందుకే ఆ పుస్తకం ఇప్పుడు మీకు దొరికితే, అక్కడక్కడా ఎవరెవరివో బొటనవేళ్లు కూడా కనిపిస్తాయి.

అచ్చుకు పోయేముందు ఒకసారి చూడడం నా వంతు. నేను లైను కూడా చదవకుండా పారేసిన రాతలను అప్పుడు మొదటిసారి చదివాను. గీ కార్ఖాన మా ఊళ్లె ఇప్పటికి ఉంది. గిది మా అమ్మనే. నీది ఏ ఊరు? నాది కూడా గదే బస్సు. నవ్వొచ్చేవి ఉన్నాయి, తప్పులు దిద్దినవి ఉన్నాయి. వాటి మధ్యన, నాలుగైదు పేజీలకొకసారి, వేరువేరు చేతుల్లో ఒకే మాట కనిపించడం మొదలైంది. మేడం వస్తుంది. ఒక్కోసారి అంతే. ఒక్కోసారి కింద గీత, అక్కడిదాకా చదివినట్టు గుర్తు. ప్రతి గంటకూ నేను తిరిగిన చుట్లన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి.

బీడీల కథ ముగియడానికి ఇంకా ఒక పేజీ ఉందనగా, గుమాస్తా కట్ట పారేసిన చోట, ఎవరో హడావిడిగా రాశారు: "మేడం లేచింది. మూసేస్తున్న. రేపటి సంది మా ఇంటోళ్లు రానిస్తలేరు. చివరికి ఆమె ఏం చేసిందో ఎవరన్న చదివితే కింద రాయుండ్రి."

దాని కింద ఇంకొకరి చేతిరాతలో జవాబుంది. "ఏమనలే అక్కా. ఇంటికి పోయి మళ్ల చుట్టింది."

ఆ జవాబు చూడడానికి ఆమె మళ్లీ వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ పూట నేను ఏం పని మీద కుర్చీలోంచి లేచానో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు.